సీల్‌కి పాలు తాగించలేదని ఎవరిని తిడదాం?

పిల్లాడు ఈడుకు తగ్గ ఎత్తు లేకపోతే మనకు తెలిసిన కారణాలు మూడే. నాన్న పొట్టి, అమ్మ పొట్టి, లేదంటే పాలు సరిగ్గా తాగడం లేదు. మొదటి రెండూ తలరాత కింద కొట్టేస్తాం. మూడోది మాత్రం తిన్నగా వెళ్లి తల్లి నెత్తిన పడుతుంది. పీల్చే గాలి, తాగే నీళ్లు, గోడ మీద పెచ్చులూడే పాత పెయింటు, పురుగుమందు మాత్రం ఈ పంచాయితీలోకి రానే రావు. మొన్న ఎత్తు పెంచే పొడి ప్రకటన ఒకటి చూసి ఒళ్లు మండింది, అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపికుంటే చదవండి.

ఎముక అనగానే మనకు రాతి స్తంభం గుర్తొస్తుంది. నిజానికి అక్కడ రాత్రీ పగలూ పని నడుస్తూనే ఉంటుంది. ఒక రకం కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే ఇంకో రకం కణాలు కొత్తది కడుతుంటాయి. ఎదిగే వయసులో పొడవాటి ఎముకల చివర్ల దగ్గర గ్రోత్ ప్లేట్ అని కార్టిలేజ్ (మెత్తటి ఎముక లాంటి పదార్థం) పొర ఒకటి ఉంటుంది. అందులో కణాలు పుట్టుకొస్తూ, ఉబ్బుతూ ఎముకను పొడవు చేస్తాయి. ఆ వెనకే కార్టిలేజ్ గట్టిపడి, కరిగి, దాని చోట ఎముక ఏర్పడుతుంది. ఎలుక, ఆవు, సీల్ అనే సముద్రపు జంతువు, మనిషి, ఎవరికైనా పద్ధతి ఇదే. మనుషుల్లో యుక్తవయసు దాటేసరికి ఆ పొర మూసుకుపోతుంది. ఆ తర్వాత డబ్బాలకు డబ్బాలు పొడి తాగినా అంగుళం పెరగరు.

ఇప్పుడు ఆ పాత పెయింట్లలో ఉండే సీసం (లెడ్) అనే లోహం సంగతి. శరీరం దాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిచ్చి ఎముకలో దాచుకుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలోని సీసం నెల, నెలన్నరలో సగానికి తగ్గుతుంది. ఎముకలో సగం తగ్గాలంటే ఏళ్లకు ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. అందుకే 'బ్లడ్ టెస్ట్ నార్మల్' అని ఊపిరి పీల్చుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ టెస్టు చెప్పేది ముఖ్యంగా ఈ మధ్య సంగతి. పాత బాకీ ఎముకలో అలాగే ఉంటుంది.

సీసం బాగా ఎక్కిన పిల్లలకు ఎక్స్‌రే తీస్తే మోకాలి దగ్గర, మణికట్టు దగ్గర తెల్లటి అడ్డగీతలు కనబడతాయి. వాటిని సీసపు గీతలంటారు. చిత్రమేమిటంటే ఆ తెలుపు ప్రధానంగా సీసానిది కాదు. కరిగిపోవాల్సిన గట్టి కార్టిలేజ్ కరగకుండా పేరుకుపోతే అలా కనిపిస్తుంది. కరిగించే కణాలను సీసం దెబ్బతీసిందన్నమాట. అమెరికాలో 1976-80 మధ్య జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే లెక్కల్లో, రక్తంలో సీసం ఎక్కువున్న చిన్నపిల్లలు సగటున ఎత్తు తక్కువగా తేలారు. 'పేద పిల్లలేమో, తిండి లేకేమో' అనొచ్చు. అనాలి కూడా. తిండి లెక్కలు కలిపి చూశాక కూడా తేడా పోలేదు.

నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇంకొకటుంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డకు కాల్షియం అందించడానికి తల్లి ఎముక కొంత కరుగుతుంది. అందులో దాగిన సీసమూ దాంతో పాటే బయటికొస్తుంది. వాహనాలకు సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ప్రపంచమంతటా ఆగింది 2021లో. అంటే ఇవాళ తల్లులవుతున్న వాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఆ పొగ పీల్చినవాళ్లే. తప్పు చేసిందెవరు, మాట పడేదెవరు?

సీసం ఒక్కటే అనుకునేరు. 1950ల రెండో సగంలో టర్కీలో బూజు పట్టకుండా హెక్సాక్లోరోబెంజీన్ పట్టించిన విత్తన గోధుమలను జనం తిండికి వాడేశారు. తల్లిపాల ద్వారా విషం అంది పసిబిడ్డలు చనిపోయారు. బతికి బట్టకట్టిన పిల్లలను పాతికేళ్ల తర్వాత చూస్తే చాలామంది పొట్టిగానే ఉండిపోయారు, చేతులు చిన్నవిగా మిగిలిపోయాయి. జపాన్‌లో జింజు నదిలోకి గని నుంచి కాడ్మియం అనే విషపు లోహం కలిసి వరిపొలాలకు చేరింది. అది మూత్రపిండాలను పాడుచేస్తే విటమిన్ డి పని ఆగి ఎముకలు మెత్తబడ్డాయి. ఆ జబ్బుకు జనం పెట్టుకున్న పేరు ఇటాయ్ ఇటాయ్, మన మాటలో 'అబ్బా అబ్బా' అని. ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా ఒప్పుకున్నది 1968లో.

'అంతా పోషకాహార లోపమే' అనే పెద్దమనుషులకు నేను సీల్ పుర్రెలు చూపిస్తాను. పీసీబీలు (కరెంటు పరికరాల్లో వాడిన రసాయనాలు), డీడీటీ అనే పురుగుమందు పేరుకుపోయిన కాలంలో బాల్టిక్ సముద్రపు సీల్‌ల పుర్రెల్లో ఎముక తినేసినట్టు గుంటలు పడ్డాయి. తూర్పు గ్రీన్‌లాండ్ ధ్రువపు ఎలుగుల పుర్రెలను, 1892 నుంచి దాచినవాటిని, పోల్చి చూస్తే ఈ రసాయనాలు వచ్చాక బతికిన ఎలుగుల ఎముకలో సాంద్రత తక్కువగా కనిపించింది. అన్నిటికీ ఈ రసాయనాలే కారణమని ఒట్టేసి చెప్పను. కానీ సీల్ పిల్లకు పాలు పట్టలేదని ఎవరిని తిడదాం?

కాల్షియం, ఐరన్ దండగ అని మాత్రం అనడం లేదు. అవి ఒంట్లో తగినంత ఉంటే పేగులు సీసాన్ని తక్కువగా పీల్చుకుంటాయి. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ఆ ఒక్క గ్లాసుతో ఫ్యాక్టరీ పొగగొట్టం కడిగేసినట్టు మాట్లాడితేనే నాకు కోపం. ఒకప్పుడు ఆ గ్లాసులోనే విషం వచ్చింది మరి. ఆకాశంలో అణుపరీక్షలు చేసిన రోజుల్లో స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవు పాలలోంచి పిల్లల ఎముకల్లోకి, పళ్లలోకి చేరింది. అదీ కాల్షియం వేషమే. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్లు, శాస్త్రవేత్తలు, మామూలు జనం కలిసి ఊడిన పాలపళ్లు సేకరించడం మొదలుపెట్టారు. దాదాపు 3 లక్షల పళ్లు పోగయ్యాయి. అక్కడ తల్లులను ఎవరూ తిట్టలేదు, తల్లులే పళ్లు పంపి లెక్క అడిగారు. 1963లో గాలిలో అణుపరీక్షలు ఆపాలనే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పన్ను పంపిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక బ్యాడ్జీ ఇచ్చేవారట, 'నా పన్ను సైన్సుకిచ్చాను' అని.