సలహా తెలుగులో, షరతులు ఇంగ్లిషులో

తెనాలిలో మా మేనమామ ఇల్లు ముప్పై ఏళ్ల నాటి డాబా. రెండేళ్ల కిందట వానాకాలంలో నడిమి గది పైకప్పు మీద తాంబాళమంత తడి మచ్చ తేలింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మేస్త్రీని పిలవడానికి ముందే ఫోనులో వెతికారు. డాబాలు కారితే ఉచితంగా సలహా ఇస్తామనే ఒక వెబ్‌సైటు ఆయన్ను చక్కని తెలుగులో పలకరించింది. స్లాబు వయసెంత, మచ్చ ఏ గదిలో ఉంది, పైన పూలకుండీలు పెట్టారా అని ఆరా తీసింది. అన్నీ విన్నాక తేల్చి చెప్పింది: పైకప్పు కడిగి, పగుళ్లు పూడ్చి, ఫలానా పూత రెండుసార్లు వేయండి, ఐదేళ్లు చుక్క దిగదు. ఆ పూత అమ్మే డీలరు మర్నాడు కాఫీ వేళకే ఫోను చేశాడు. కూలీతో కలిపి 19 వేలయింది. అక్టోబరు వాయుగుండానికి మచ్చ మళ్లీ వచ్చింది. ఈసారి చాపంత.

సైటుకు రాస్తే ఒక్క వాక్యం జవాబు వచ్చింది: నియమ నిబంధనల్లో తొమ్మిదో అంశం చూడగలరు. పేజీ అడుగున, బూడిద రంగు అక్షరాల్లో, ఇంగ్లిషులో ఉన్న ఆ అంశాన్ని నేనే చదివి ఆయనకు తెలుగులో చెప్పాను. ఇక్కడ ఉన్నది సమాచారం మాత్రమే, అది సరైనదని మేం హామీ ఇవ్వడం లేదు. దాన్ని నమ్మి మీరు చేయించుకున్న పనికి మాకు బాధ్యత లేదు. ఒకవేళ బాధ్యత ఉందని కోర్టు తేల్చినా, మీరు మాకు చెల్లించిన మొత్తానికి మించి ఇవ్వం. మామయ్య సైటుకు చెల్లించింది ఏమీ లేదు. ఆయన నవ్వేశారు. ‘ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన లెక్కే కదరా, సున్నాతో గుణకారం’ అన్నారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇలాంటి షరతులు ఇవాళ ప్రతి సైటుకూ ఉన్నాయి, వాటి సంగతి పాఠకులకు కొత్త కాదు. సైటు తెరిస్తే చాలు, అన్నీ ఒప్పుకున్నట్లేనట. గుమ్మం తొక్కితే తాంబూలాలు పుచ్చుకున్నట్లే అనే పెళ్లిళ్ల పేరయ్య వాదన ఇది. పుస్తకాల గురించో వంటల గురించో చెప్పే సైటు ఇలా రాసుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఇంటి కప్పు అలాంటిది కాదు. దాని కింద మనుషులు పడుకుంటారు.

అవతలి వాదన కూడా విందాం. సైటు మీ ఇల్లు చూడలేదు, గోడ తట్టలేదు, మీరిచ్చిన నాలుగు జవాబులను బట్టే చెప్పింది. ఉచితంగా చెప్పిన ప్రతి మాటకూ పరిహారం కట్టమంటే రేపటి నుంచి ఎవరూ నోరు విప్పరు, నష్టపోయేది మళ్లీ సామాన్యుడే. ఇందులో సగం నిజముంది. డాబాలు ఎందుకు కారతాయో వివరించి ఊరుకున్న వ్యాసాన్ని ఎవరూ కోర్టుకు లాగకూడదు. కానీ వివరించి ఊరుకున్నదెవరు? మీ ఇంటికి ఫలానా పూతే కావాలని తేల్చి, ఐదేళ్ల గడువు చెప్పి, ఫోను నంబరు తీసుకుని డీలరుకు అందించిన సైటు, తాను అరుగు మీద కూర్చుని ఊసుపోక మాట్లాడానంటే కుదరదు. అది కొట్టు. కొట్టుకు వర్తించే న్యాయమే దానికీ వర్తించాలి.

తప్పుడు సలహా ఒక్కోసారి మచ్చతో ఆగదు కూడా. కారుతున్న డాబా మీద ఇటుక ముక్కలు పరిచి నాలుగంగుళాల గచ్చు పోయించమనే సలహా మన ఊళ్లలో పాతదే, ఇప్పుడు ఫోనుల్లోకీ ఎక్కింది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఆ మందం వేస్తే పది ఘనపు మీటర్ల సరుకు అవుతుంది. ఘనపు మీటరు దాదాపు రెండు టన్నుల చొప్పున మొత్తం ఇరవై టన్నులు. లోపల ఇనుము తుప్పు పట్టి, అడుగున పెచ్చులు రాలుతున్న ముప్పై ఏళ్ల స్లాబు నెత్తిన ఇరవై టన్నులు! ఇంజినీరు అయితే ముందు అడుగున సుత్తితో తట్టి చూస్తాడు, బోలుగా మోగితే బరువు మాటే ఎత్తడు. ఫోను తట్టి చూడలేదు. ఇంగ్లండు 1977లోనే అన్యాయ షరతుల మీద చట్టం చేసింది. వ్యాపారి నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా, గాయపడినా, ఆ బాధ్యతను ఏ షరతుతోనూ తప్పించుకోలేడని అందులో రాసుకుంది. మన చట్టంలో అంత సూటి వాక్యం ఇప్పటికీ లేదు.

ఉన్నవాటి సంగతి చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో నిర్వచించింది. బాగానే ఉంది. కానీ ఆ పేరుతో ఫిర్యాదు చేయాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోదు, రాష్ట్ర కమిషన్ దాకా పోవాలి. పైగా డబ్బు తీసుకోకుండా చేసేది ఆ చట్టం దృష్టిలో సేవే కాదు. ఉచితం అనే మాటను సైట్లు అంత పెద్ద అక్షరాల్లో ఎందుకు రాస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఇల్లు కట్టి అమ్మిన బిల్డరైతే, స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం ప్రకారం, తాళాలు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలి. అదే ఇంటి కప్పుకు ఐదేళ్లు ఢోకా లేదని చెప్పిన సైటుకు ఐదు నిమిషాల పూచీ కూడా లేదు.

అయితే వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఇంకో తలుపు తెరిచి ఉంది. ప్రకటన అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో వెబ్‌సైటులో చెప్పిన మాట కూడా ఉంది. అంటే ‘ఐదేళ్లు చుక్క దిగదు’ అన్నది సలహా వేషం వేసుకున్న ప్రకటన. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలైతే మరీ స్పష్టంగా ఉన్నాయి. పెద్దగా చెప్పిన మాటను కింద చిన్నగా రాసిన గమనికతో కాదనకూడదు. పైన మాట ఏ భాషలో ఉంటే గమనికా ఆ భాషలోనే ఉండాలి. అక్షరాలూ అలాంటివే వాడాలి. తొమ్మిదో అంశాన్ని ఈ మూడింటి పక్కన పెట్టి చూడండి. ఒక్కదానిలోనూ నెగ్గదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి కుదిపింది భాష సంగతే. అమ్మేటప్పుడు సైటుకు తెలుగు వచ్చు. తెలుగంటే యంత్రం అనువదించిన చెత్త కాదు: పిట్టగోడ, తూము, వాటం, పెచ్చు, అన్నీ సరిగ్గా వాడిన తెలుగు. ఎవరో జీతమిచ్చి రాయించారు. బాధ్యత దగ్గరికి వచ్చేసరికి ఆ తెలుగు రాసిన మనిషి సెలవు మీద వెళ్లిపోయాడు. బ్యాంకులో గృహరుణం తీసుకున్నవాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. ప్రకటన తెలుగులో, కౌంటరులో మర్యాద తెలుగులో, ముప్పై చోట్ల సంతకం పెట్టాల్సిన కాగితాలు ఇంగ్లిషులో. బీమా పాలసీ అంతే, ఫ్లాటు అగ్రిమెంటు అంతే. తెలుగును అధికార భాషగా చేస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసుకుంది 1966లో. అరవై ఏళ్లకు మన హక్కు ఎక్కడ పోతుందో చెప్పే వాక్యం మాత్రం ఇంకా మనకు రాని భాషలోనే ఉంటోంది. అనువాదం కష్టమనే సాకు కూడా చెల్లదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు ఉండాలంటోంది. నా ఫోను నంబరు తీసుకోవడానికి తెలుగులో అడగాలట. నా ఇంటి పూచీ వదిలించుకోవడానికి అక్కర్లేదా?

ఒక తెలుగువాడు ఈ సంగతి ఎప్పుడో తలకెత్తుకున్నాడు. చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్, జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షుడిగా ఉండగా 2006లో ఇచ్చిన 199వ నివేదిక మొత్తం అన్యాయమైన ఒప్పంద షరతుల గురించే. షరతులో ఏముందన్నదే కాదు, దాన్ని ఎదుటివాడి చేత ఎలా ఒప్పించారన్నదీ కోర్టు చూడాలని ఆ నివేదిక చెప్పింది. బిల్లు ముసాయిదా కూడా రాసిపెట్టింది. అది చట్టం కాలేదు. 2019 చట్టంలో ఒక నిర్వచనం, ఫిర్యాదుకు ఒక దారి వచ్చాయి, అంతే. ఒప్పించిన తీరు అనే సగం అటక మీదే ఉండిపోయింది. తొమ్మిదో అంశం బతుకుతున్నది ఆ సగంలోనే.

మామయ్య చివరికి కాలవ అవతలి పేటలో ఉండే మేస్త్రీని పిలిచారు. అతను పూత జోలికి పోలేదు. తూము మూతికి గుడ్డ కుక్కి, డాబా మీద నాలుగు బిందెల నీళ్లు పోసి, బీడీ కాలుస్తూ గంటసేపు కూర్చున్నాడు. నీళ్లు తూము వైపు కాకుండా పిట్టగోడ మూలకు పోయి నిలిచాయి. వాటం తప్పింది, మూలలో గొట్టం అతుకు కూడా ఊడింది. కప్పులో పగులే లేదు. ఆరు వేలకు బేరం కుదిరింది. ‘మూడు ఇప్పుడివ్వండి మాస్టారూ, మిగతా మూడు మొదటి పెద్ద వాన పడ్డాక. చుక్క దిగితే ఇవ్వొద్దు’ అన్నాడు. కాగితం లేదు, తొమ్మిదో అంశం లేదు. ఆషాఢంలో రాత్రంతా కురిసిన వాన తెల్లవారి వెలిసింది. ఎనిమిది గంటలకు వచ్చి, చెప్పులు బయట విడిచి, నడిమి గదిలో స్టూలెక్కి పైకప్పును అరచేత్తో తడిమి చూశాడు. ఆ చేతిని లుంగీకి తుడుచుకుని మూడు వేలు తీసుకెళ్లాడు.