బెర్తులు పెరిగాయి, మోకాళ్లకు చోటు పెరగలేదు

రైలు పెట్టెలకు కొత్త హంగులు దిద్దినప్పుడల్లా వచ్చే ప్రకటనలు ఒకసారి చదవండి. ఎల్‌ఈడీ దీపాలు, బయో టాయిలెట్లు, చార్జింగ్ పాయింట్లు, బయట కొత్త రంగు. 2018లో మొదలైన ఉత్కృష్ట్ ప్రాజెక్టు కింద పాత ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నమూనా) పెట్టెలకు జరిగింది చాలావరకు ఇదే. వీటిలో అక్కర్లేనిదంటూ ఏదీ లేదు. బయో టాయిలెట్లు వచ్చాక ప్లాట్‌ఫాం మీద ముక్కు మూసుకోవాల్సిన అవసరం ఎంత తగ్గిందో అందరికీ తెలుసు. కానీ రైలెక్కింది మొదలు దిగేదాకా మన ఒంటికి ఆని ఉండేది సీటు. దాని ఎత్తెంత, లోతెంత, వీపు ఎంత వాల్చొచ్చు, ఎదుటివాళ్ల మోకాళ్లకూ మన మోకాళ్లకూ మధ్య ఎంత ఎడం ఉంది అనే కొలతలు మాత్రం ఆ ప్రకటనల్లో వెతికినా దొరకవు.

దొరికే లెక్క ఒకటుంది, బెర్తుల సంఖ్య. పాత ఐసీఎఫ్ స్లీపర్‌లో 72 బెర్తులు, వాటి స్థానంలో వస్తున్న జర్మన్ నమూనా ఎల్‌హెచ్‌బీ స్లీపర్‌లో 80. కొత్త పెట్టె పాతదానికంటే రెండు మీటర్ల పైచిలుకు పొడవు. ఆ పొడవంతా ఇంకో ఎనిమిది బెర్తుల వరసకే సరిపోయింది. థర్డ్ ఏసీలోనూ అంతే, 64 కాస్తా 72 అయింది. అక్కడితో ఆగితే బాగుండేది. 2021లో థర్డ్ ఏసీ ఎకానమీ వచ్చింది, అదే పెట్టెలో మొదట ఏకంగా 83 బెర్తులు పట్టించారు. కరెంటు ప్యానెళ్లను పెట్టె అడుగుకి మార్చి కొంత చోటు సంపాదించిన మాట నిజమే, ఆ తెలివికి మెచ్చుకోవాల్సిందే. మిగతా చోటు ఎక్కణ్నుంచి వచ్చిందో అందులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పొడుగువాళ్లను అడిగితే చెప్తారు. సైడ్ మిడిల్ బెర్తులున్న గరీబ్‌రథ్‌లో సికింద్రాబాద్ వెళ్లొచ్చిన విశాఖవాసులకు ఈ ఇరుకు కొత్తేమీ కాదు.

అసలు ఇబ్బంది ఇంకా లోతుగా ఉంది. మన దూరప్రాంత రైలు పెట్టెను పడుకునే మనిషి కోసం గీశారు. కూర్చునే మనిషిని అందులో ఎలాగోలా సర్దారు. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మనం వెనక్కి ఆనుకునేది దేన్నో గమనించారా? దించి వేలాడదీసిన మిడిల్ బెర్తుని. అది పడుకోవడానికి చదునుగా చేసిన పలక. నడుము దగ్గర వీపుకుండే వంపుతో దానికి పనిలేదు. దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది, ఆనుకుంటే మెడకు ఏ ఆసరా దొరకదు.

రాత్రి బండిలో కూర్చోవడం ఎంతసేపులే అనుకుంటే పొరపాటు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖలో బయల్దేరేది సాయంత్రం 5 దాటాక. రైల్వే నిబంధన ప్రకారం బెర్తు వాల్చుకుని పడుకునే హక్కు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. అంటే రాజమండ్రి దాటిన చాలాసేపటి వరకూ అది కుర్చీల బండే. తగాదాలన్నీ ఈ వేళలోనే మొదలవుతాయి. “బాబూ, మా అత్తగారికి నడుం నొప్పి, మిడిల్ బెర్తు కాసేపు ఎత్తుకోనివ్వవా?” అని ఓ ఇల్లాలు అడుగుతుంది. ఎత్తితే కింద కూర్చున్న ముగ్గురూ మెడలు వంచుకోవాలి. ఎత్తకపోతే పెద్దావిడకు నరకం. అరవై దాటిన మగవాళ్లకూ, నలభై ఐదు దాటిన ఆడవాళ్లకూ లోయర్ బెర్తు ఇవ్వడానికి కోటా ఉంది, మంచిదే. కానీ రాత్రి పది దాకా ఆ లోయర్ బెర్తు అందరి బెంచీ. పెద్దావిడకు బెర్తు దక్కింది గానీ నడుం వాల్చే వీలు దక్కలేదు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. ఒకే పలకను పగలు కుర్చీగా, రాత్రి మంచంగా వాడమన్నప్పుడు కుర్చీ పనిని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన గొడవ ఇది.

పైగా విశాఖ కూర్చుని ప్రయాణించే ఊరు. విజయవాడకు 350 కిలోమీటర్లు. రత్నాచల్, సింహాద్రి, ఉదయ్ డబుల్ డెక్కర్, అటు సికింద్రాబాద్ వైపు జన్మభూమి, రెండు వందే భారత్‌లు, ఇవన్నీ పగటి బండ్లే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఆస్పత్రుల పని మీదో ఇంటర్వ్యూలకో హైదరాబాద్ వెళ్లేవాళ్లలో ఎందరో ఎనిమిది, పది, పన్నెండు గంటలు కుర్చీలోనే గడుపుతారు.

ఆ కుర్చీ సంగతి చూద్దాం. ఎల్‌హెచ్‌బీ ఏసీ చైర్‌కార్‌లో వరసకు ఐదుగురు, ఇటు ముగ్గురు, అటు ఇద్దరు, మొత్తం 78 సీట్లు. పెట్టె వెలుపలి వెడల్పు 3.24 మీటర్లు. గోడల మందం, నడవ తీసేస్తే మనిషికి అర మీటరు అటూ ఇటూ మిగులుతుంది, ఆర్మ్‌రెస్టులు కూడా అందులోనే. ముగ్గురి సీట్లో మధ్యన ఇరుక్కున్నవారికి మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలన్నది అనకాపల్లి రాకముందే టెన్షన్. ఎత్తు విషయం ఇంకోటి. సీటు కాస్త ఎత్తైనా, లోతు ఎక్కువైనా పొట్టిగా ఉన్నవాళ్ల పాదాలు నేలకు ఆనవు. తొడ కింద ఒత్తిడి పడి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పాదాలు వాస్తాయి. ఈ బాధ ఎక్కువగా ఆడవాళ్లది, పెద్దవాళ్లది. పాత సెకండ్ సిట్టింగ్ బెంచీని ఎంత తిట్టుకున్నా, రద్దీ లేని రోజు అమ్మమ్మ దాని మీద మఠం వేసుకుని కూర్చోగలిగేది. ఆర్మ్‌రెస్టుల మధ్య బిగించిన కుర్చీలో ఆ వీలు కూడా పోయింది. మన పెద్దవాళ్లు ఎలా కూర్చుంటారో సీటు గీసేవాళ్లు ఎప్పుడైనా చూశారా అని అనుమానం వస్తుంది.

అడిగితే మార్పు రాదా అంటే వస్తుంది. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరి 15న మొదలైంది, ప్రయాణం ఎనిమిదిన్నర గంటలు. వందే భారత్ సీట్లు సరిగా వాలడం లేదని దేశమంతా ప్రయాణికులు మొత్తుకున్నాక, అదే ఏడాది తయారైన కొత్త రేకుల్లో (రేకు అంటే ఒక బండి పెట్టెల వరస) వాలును 17.31 డిగ్రీల నుంచి 19.37 డిగ్రీలకు పెంచారు, కుషన్ గట్టిదనాన్ని సవరించారు. ఈ రెండు డిగ్రీల భాగ్యానికా అని నవ్వొచ్చు. నాకు మాత్రం ఇదే పెద్ద వార్త. సీట్లు తగ్గలేదు, పెట్టె పెరగలేదు, ఉన్న చోటులోనే సౌకర్యం పెరిగింది. అయితే చైర్‌కార్‌లో సగం సీట్లు బండి వెళ్లే దిక్కుకి వీపు పెట్టి బిగించే ఉన్నాయి. తిరిగే సీట్లు ఎగ్జిక్యూటివ్ వాళ్లకే.

సీటు బాగా చేయడం మనవాళ్లకు రాదనుకోవడానికి కూడా వీల్లేదు. 2017 ఏప్రిల్‌లో అరకు బండికి తగిలించిన విస్టాడోమ్ పెట్టెను చూడండి. అద్దాల కప్పు, వరసకు నలుగురే, కిటికీ వైపు తిప్పుకునే సీట్లు, కాళ్లు బారజాపుకునే చోటు. విశాఖలో ఎక్కగల మంచి సీట్లలో ఒకటి నాలుగైదు గంటల షికారుకు దక్కింది. సొరంగాలు, లోయలు చూడ్డానికి వచ్చినవాళ్లకు అది ఉండాల్సిందే, అందులో అసూయేమీ లేదు. ఆ శ్రద్ధలో నాలుగో వంతు జన్మభూమి సీటు మీద పెట్టినా చాలు.

బెర్తులు తగ్గించమని అడగడం లేదు. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ల వెయిటింగ్ లిస్టు చూసినవారెవరూ ఆ మాట అనలేరు. స్లీపర్‌లో పెరిగిన ఎనిమిది బెర్తులంటే ఎనిమిది మంది పండక్కి ఇల్లు చేరడం. అందుకే రాత్రి బండ్ల స్లీపర్‌లో సంఖ్య జోలికి పోకుండా చేయగలిగినవి ముందు చేయాలి. మిడిల్ బెర్తుకి, మనం ఆనుకునే వైపు, నడుము దగ్గర చిన్న మెత్త. సైడ్ లోయర్‌లో రెండు సీట్లు వాల్చి కలిపినప్పుడు వెన్ను కింద పడే అతుకును కప్పే పలక. పై బెర్తుకి ఎక్కేటప్పుడు చేతికి అందే పిడి. నలిగి అట్టలా మారిన ఫోమ్‌ను, చిరిగేదాకా ఆగకుండా, పెట్టె మరమ్మతు షాపుకొచ్చిన ప్రతిసారీ నొక్కి చూసి మార్చడం. పగటి బండ్లలో మాత్రం ఇంకాస్త ముందుకెళ్లాలి. పాదాల కింద ఫుట్‌రెస్ట్ ప్రతి సీటుకీ ఉండాలి, అవసరమైతే వరసల మధ్య ఎడం కోసం పెట్టెకు ఒక వరస వదులుకోవాలి. టికెట్టు కొద్దిగా పెరిగినా పన్నెండు గంటలు కూర్చునేవాళ్లు కాదనరనే నా నమ్మకం.

దీనికి సమయం ఇదే. ఎల్‌హెచ్‌బీ పెట్టె ఆయుష్షు 35 ఏళ్లని లెక్క. ఇప్పుడు మన బండ్లకున్నవి ఇంకా చాలాకాలం తిరుగుతాయి, మధ్యలో పెద్ద మరమ్మతులకు షాపులకెళ్తూనే ఉంటాయి. విశాఖ కేంద్రంగా వచ్చే దక్షిణ కోస్తా జోన్‌లో గుంతకల్ డివిజన్ కూడా కలుస్తుంది, దాంతోపాటు తిరుపతి కోచ్ రిపేర్ షాపూ ఇటే వస్తుంది. ఇన్నాళ్లూ విశాఖ బండ్ల విషయం భువనేశ్వర్‌కో, సికింద్రాబాద్‌కో చెప్పుకోవాల్సి వచ్చేది. ఇక జోన్ ఆఫీసు ఊళ్లోనే ఉంటుంది కాబట్టి అడగడం తేలిక. మరమ్మతుకెళ్లే రేకులో ఒక్క పెట్టెకు మార్చిన సీట్లు బిగించి జన్మభూమికి తగిలించండి. లింగంపల్లిలో దిగేటప్పుడు అరవై దాటినవాళ్లను, ఐదడుగుల లోపువాళ్లను నడుం ఎలా ఉందో, పాదాలు వాచాయో లేదో అడిగి రాసుకోండి. ఆ కాగితం చూశాకే మిగతా పెట్టెలకు ఆర్డరివ్వండి. రంగు ఆ తర్వాత వేసుకోవచ్చు.