ఏడో తీగ గారికి విన్నపం

మహారాజశ్రీ ఏడో తీగ గారికి,

గిటారుకు ఆరు తీగలు చాలడం లేదని ఎవరూ అర్జీ పెట్టుకోలేదు. అయినా 1907లో క్యూబా తూర్పు కొసన, సాంటియాగో దగ్గరి సిబొనేలో పుట్టిన ఫ్రాన్సిస్కో రెపిలాదో గారు తమరిని తెచ్చి నడిమధ్య కూర్చోబెట్టి, ఆ వాయిద్యానికి ‘ఆర్మోనికో’ అని పేరు పెట్టారు. ఇంతకీ తమరి హోదా? జి తీగకు తోడు. సర్కారు ఆఫీసులో డిప్యూటీకి డిప్యూటీ ఉంటాడే, అలాగన్నమాట.

ఆయన ఉద్దేశం మంచిదేలెండి. క్యూబా పల్లె పాటల్లో వాయించే, గిటారు లాంటి ‘త్రెస్’కు మూడు జతల తీగలు. ఆ గలగల గిటారుకు రాదు, గిటారు మంద్రం త్రెస్‌కు రాదు. రెంటికీ మధ్య వంతెన కావాలనుకున్నారు. కానీ తమరితో వేగేదెవరు? జతలో ఒకరు వెంట్రుకవాసి దిగినా స్వరం ఊగిసలాడుతుంది. రెండింటినీ ఒకే వేలితో సమంగా నొక్కాలి. వేలు కాస్త ఒరిగిందా, రెండోది మెట్టు మీద జిర్రుమంటుంది.

తమరిని పెట్టినాయనా తమరి బాపతే. 1940ల్లో లోరెంజో హియెర్రెజువెలోతో ‘లోస్ కొంపాద్రెస్’ జంట కట్టినప్పుడు పైగొంతు లోరెంజోది, కిందిగొంతు ఈయనది. అందుకే ‘కొంపాయ్ సెగుందో’ అయ్యారు: మన ‘బావా’ లాంటి పిలుపుకు ‘రెండో’ అనే తోక. కిందిగొంతు గట్టిగా పలికితే పాట మాయం, మెల్లగా పలికితే మనిషే మాయం. 1955లో విడిపోతే ఆ కుర్చీలో లోరెంజో తమ్ముడు రెయినాల్దో కూర్చున్నాడు. ఈయన ఏళ్ల తరబడి చుట్టల ఫ్యాక్టరీలో పనిచేశారు.

1996 మార్చిలో హవానా స్టూడియోలో అమెరికన్ గిటారిస్టు రై కూడర్ రికార్డు చేసేనాటికి ఆయనకు 88 ఏళ్లు. మరుసటేడు ‘బ్వేనా విస్టా సోషల్ క్లబ్’ ఆల్బమ్, ఆపై ఏడాది గ్రామీ. ప్రపంచం ఆయన్ని ‘కనిపెట్టింది’. అంతదాకా ఆయన ఎక్కడో దాక్కున్నట్టు!

ఆల్బమ్‌లో మొదటి పాట ఆయన కట్టిన ‘చాన్ చాన్’. డి మైనర్, ఎఫ్, జి మైనర్, ఏ: నాలుగు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) తిరగలిలా తిరుగుతుంటాయి. పైగొంతు తోటి గాయకుడు ఎలియాదెస్ ఓచోవాది. కట్టినాయన సొంత పాటలోనూ కిందిగొంతే! ఇక తమరి సంగతి: మామూలు పట్లలో ఆ నాలుగు కార్డుల్లో ఒక్కదానిలోనూ జి తీగ నొక్కకుండా ఖాళీగా మోగదు. ప్రతిసారీ తమరినీ కలిపి నొక్కాల్సిందే.

ఇట్లు,
ఒక బిరడా అదనంగా తిప్పుకుంటున్న
ఎడమ చెయ్యి