స్టీలు సామాన్ల కొట్లో అయస్కాంతం గారికి

అయ్యా అయస్కాంతం గారూ,

తమరు గల్లాపెట్టె పక్కన దారానికి వేలాడుతూ ప్రతి గిన్నెకీ తీర్పు చెప్పేస్తున్నారు. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే ప్యూర్ స్టీలు. వాదనల్లేవు, అప్పీలూ లేదు. మా పిన్నిగారైతే సారె సామాన్లకి వెళ్తూ సొంత అయస్కాంతాన్నే పర్సులో వేసుకెళ్తారు, కొట్టువాడి మీద నమ్మకం లేక!

అసలు తమరు చూసేదేంటి? కొట్లో ప్యూర్ అని అమ్మే 304 నంబరు స్టెయిన్‌లెస్ స్టీలు రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ వల్ల లోపల పరమాణువుల అమరిక మారిపోయి అది తమరికి లొంగదు, అంతే. తుప్పుని ఆపేది మాత్రం క్రోమియం, గాలి తగలగానే కంటికి ఆనని ఆక్సైడ్ పొర కట్టేది అదే, ఆ పొర ఉందో లేదో తమరికి చచ్చినా తెలీదు. 430 రకంలో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉన్నా, నికెల్ దాదాపు లేదు కాబట్టి ఠక్కున అంటుకుంటుంది, పాపం దానికి దొంగసరుకని ముద్ర. నికెల్ తగ్గించి మాంగనీసు దట్టించిన 200 సిరీస్ సరుకు, చవక రకాల్లో క్రోమియం కూడా కోసేసి ఉప్పు తగిలితే తుప్పు చుక్కలు పడేది, తమరికి అంటుకోదు కాబట్టి తమరి ముందు నుంచి దర్జాగా 304 పేరుతో బిల్లవుతోంది.

పోనీ 304 అయినా ఎప్పుడూ ఒకేలా ఉంటుందా? ప్రెస్సులో సాగదీసిన గ్లాసు అంచు దగ్గర అదీ కాస్త అంటుకుంటుంది. చాకు సంగతి మరీ ఘోరం. పదును నిలవాలంటే వేడిచేసి చల్లార్చి గట్టిపరిచే రకం స్టీలు కావాలి, అది కచ్చితంగా అంటుకునేదే, అంటే తమరి లెక్కన టమాటా కూడా తెగని కత్తే మేలిరకం! అల్యూమినియం డబరా, ఆవకాయ జాడీ, ప్లాస్టిక్ మగ్గు ఏవీ అంటుకోవుగా, వాటికీ ప్యూర్ స్టీలు స్టాంపు కొట్టేయండి మరి.

ఇంకో విడ్డూరం, ఇండక్షన్ స్టవ్ కొన్న రోజున అదే పిన్నిగారు, అదే అయస్కాంతంతో, అడుగుకి అది అంటుకునే గిన్నె కోసం కొట్టంతా గాలించారు, ఆ స్టవ్ మీద వేడెక్కేది అలాంటిదేగా.

ఆ ఇండక్షన్ గిన్నెల అరకి బదిలీ పెట్టుకోండి, అక్కడ తమరి మాట చెల్లుతుంది. ఈ సీట్లో రసాయన పరీక్ష రిపోర్టు కూర్చుంటుంది, కొట్టువాడు ఒప్పుకుంటే.

ఇట్లు,
430 గిన్నె తరఫు వకీలు