ద్రాక్షపండుకు ముస్తాబు

తీయని పండుకు మళ్ళీ తీపి అద్దడం దండగని వాదించే అల్పసంతోషులు కొందరున్నారు. పెళ్ళి కేకు మీద పంచదార అద్దిన ద్రాక్షగుత్తులను నిలబెట్టిన అనుభవం ఉన్నందువల్ల, వారికి సమాధానం చెప్పవలసిన భారం నా మీద పడింది.

తోట నుంచి వచ్చిన ద్రాక్షపండు మీద సన్నని తెల్లని పొర ఒకటి ఉంటుంది. లోపలి తేమ ఆరిపోకుండా పండు తనకు తానే పూసుకున్న మైనం అది. చూడడానికి అచ్చం మంచు పట్టినట్టే ఉంటుంది గానీ, ఊరికే వచ్చింది కనుక దానికి విలువ లేదు. కాబట్టి ఆ మంచును కడిగి, గుడ్డతో రుద్ది, పండును నున్నగా చేయడం మన మొదటి కర్తవ్యం; అదే పండు మీద మంచు పట్టినట్టు కనబడేలా పూటంతా శ్రమించడం రెండవది.

తొడిమ మొదట్లో ఒక్క నీటిబొట్టు దాగినా అక్కడ పంచదార పాకమై జారుతుంది. అందుకని ఒక్కొక్క పండునూ ఒత్తి ఒత్తి ఆరబెట్టాలి. ఆరిందని నమ్మకం కుదిరిన మరుక్షణం దాన్ని గుడ్డు తెల్లసొనతో తడపాలి. ఆ తెల్లసొనలో దాదాపు 90 శాతం నీరే కదా అని ఎవరైనా అడిగితే, మిగిలిన 10 శాతం కోసమే ఈ తంతంతా అని గంభీరంగా బదులివ్వాలి. బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలంటారు. ద్రాక్షకు కోడి చేర్పు కావలసి వచ్చింది. ఉడకని తెల్లసొనలో సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది గనుక, అతిథుల క్షేమం కోరేవారు పాశ్చరైజ్ చేసిన, అంటే ఆ క్రిములు చచ్చేలా వేడి తగిలించిన సొననే వాడతారు.

ఇక పంచదార. మామూలు పలుకు కంకర పోసినట్టుంటుంది, మెత్తని పొడి తడి తగలగానే సున్నమవుతుంది. ఈ రెంటికీ నడుమ ఉండే సన్నపలుకే పనికివస్తుంది. ఎడమచేత తొడిమ పట్టుకుని, బ్రష్‌తో సొన పలుచగా రాసి, పండును తిప్పుతూ చెంచాతో పైనుంచి చల్లాలి. గుత్తిలో చివరి పండుకు వచ్చేసరికి మొదటి పండు మీద పావలా కాసంత బట్టతల కనబడుతుంది. దానికి మళ్ళీ సొన, మళ్ళీ పంచదార. (స్ట్రాబెర్రీని కోసి ఈ పనికి దింపేవారికి ఒక మనవి: అది కన్నీరు ఆపుకోలేదు, పెళ్ళిలో ఏడ్చేవారు ఎలాగూ ఉంటారు.)

కొన్ని గంటలు తీగల ర్యాక్ మీద ఆరాక అసలు చిక్కు మొదలవుతుంది. క్రీము కేకుకు ఫ్రిజ్ లేనిదే ప్రాణం నిలవదు. ముస్తాబైన పండును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఒళ్ళంతా చెమట పట్టి, వేసిన అలంకారమంతా కారిపోతుంది. అందువల్ల రెంటినీ వేర్వేరు గదుల్లో కాపలా కాసి, చివరి గంటలో మాత్రమే కలపాలి. నేను అలాగే కలిపాను. దీపాల వెలుగుకు పలుకు పలుకూ తళుక్కుమంది.

కేకు కోశాక ఒక పెద్దాయన తన ముక్క మీది ద్రాక్షను రెండు వేళ్ళతో ఎత్తి, కళ్ళజోడు సవరించుకుని పరీక్షగా చూశారు. తరువాత కాగితపు రుమాలు తీసి, పండును నాలుగువైపులా శుభ్రంగా తుడిచి నోట్లో వేసుకున్నారు.

"పండు బాగుందమ్మా," అన్నారు నాతో, "కాస్త దుమ్ము పట్టిందంతే."