ఆ నల్ల కుర్చీ ట్యూడర్ రాజులది కాదు, కోరమాండల్ తీరానిది

వేలానికి వచ్చే పాత సామాన్లలో ఒక రకం చేతుల కుర్చీ ఫొటో తరచూ ఫోన్లలో తిరుగుతుంటుంది. కాటుకలాంటి నల్లటి చెక్క, మెలికలు తిరిగిన పుల్లలు, వీపు ఆన్చే చోట దట్టంగా పూలూ తీగలూ, వాటి మధ్య చిలకలు, జలకన్యలు. దాని కింద ఎప్పుడూ ఒకటే మాట: "ఇంగ్లండులో ట్యూడర్ రాజుల కాలం నాటిది, ఎనిమిదో హెన్రీ మంత్రి కార్డినల్ వుల్జీ వాడిన రకం." మా బందరు వాళ్లే దీన్ని నిజమనుకుని పంపిస్తుంటే మనసు చివుక్కుమంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ మాట నిన్న పుట్టింది కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ ఇలాంటి కుర్చీలను ఇంగ్లండులోని ఈషర్ అనే ఊళ్లో చూశాడు. వుల్జీ ఒకప్పుడు అక్కడ ఉన్నాడు కాబట్టి కుర్చీలు కూడా ఆయన కాలానివే అనుకున్నాడు. 1760ల్లో తనూ అలాంటివి కొని, లండన్ దగ్గర స్ట్రాబెర్రీ హిల్ అనే తన భవనంలో, హెన్రీ ఆస్థాన చిత్రకారుడు హోల్బైన్ పేరు పెట్టిన గదిలో వేయించాడు. అంత పేరున్న మనిషి చెప్పాక కాదనేదెవరు? ఆ భవనంలోని సామాన్లను 1842లో 24 రోజుల పాటు వేలం వేశారు. అప్పటికి నల్ల కుర్చీ అంటే ట్యూడర్ అన్న నమ్మకం గట్టిపడిపోయింది.

ముందు కాలం లెక్క చూద్దాం. వుల్జీ 1530లో చనిపోయాడు. ఈ కుర్చీలను కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, చేయించుకున్న కంపెనీ వర్తకుల్లో డచ్చివాళ్లు మచిలీపట్నం చేరింది 1605 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లు 1611లో. ఇవి 17వ శతాబ్దంలో, ఎక్కువగా దాని రెండో సగంలో తయారైనవి. అంటే వుల్జీ పోయాక వందేళ్లు దాటింది.

కాలం లెక్క నమ్మనివాళ్లు కుర్చీనే చూడండి. ట్యూడర్ కుర్చీ చాలావరకు ఓక్ చెక్కది, పెట్టెలా బరువుగా, పలకలతో ఉంటుంది. తరిమెన మీద మెలికలు తిప్పిన పుల్లలు ఇంగ్లండులో ఫ్యాషన్ అయింది 1660 తర్వాతే. పేము అల్లిక సీటు కూడా ఆ రోజుల్లోనే, తూర్పు దేశాల సరుకుతో పాటు అక్కడికి వెళ్లింది. ఈ కుర్చీలో రెండూ ఉన్నాయి. ఇక చెక్క, అది ఎబొనీ చేవ. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో పెరిగే చెట్టు. బీడీలు చుట్టే మన తునికాకు చెట్టూ ఇదీ దగ్గరి చుట్టాలు. ఇంగ్లండు అడవుల్లో ఎబొనీ మొలవదు. పలుచగా చెక్కిన ఆ పూలతీగలు చూస్తే నాకు మాత్రం కలంకారీ దుప్పటి అంచు గుర్తొస్తుంది. ఆ బట్టలూ ఇదే తీరం నుంచి ఇవే ఓడల్లో వెళ్లాయి.

రెండో మాట: "1662లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌ని పెళ్లాడిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్ కట్నంతో పాటు గోవా నుంచి వచ్చాయి." ఆమె కట్నంలో బొంబాయి ఉన్న మాట నిజం. కానీ గోవా పనితనం వేరు. అక్కడ ఎక్కువగా టేకు మీద ఎబొనీ, దంతం పొదుగుతారు. ఇది నిలువెల్లా ఎబొనీ. పైగా ఇదే రకం కుర్చీలు డచ్చివాళ్లు ఉన్న శ్రీలంకలోనూ, బటావియాలోనూ, అంటే నేటి జకార్తాలోనూ కనిపిస్తాయి. ఒక పెళ్లికూతురి సామానుతో వాటన్నిటినీ ముడిపెట్టలేం.

"మనవాళ్లు నేలమీద కూర్చునేవాళ్లు, కాబట్టి కుర్చీ తెల్లవాళ్లే చేసి ఉంటారు" అనే మాట నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కుర్చీ ఆకారం యూరప్‌దే, ఒప్పుకుంటాను. చేయించుకున్నదీ కంపెనీ వర్తకులే. కానీ ఉలి పట్టింది ఇక్కడి వడ్రంగులు. వాళ్ల పేర్లు ఎక్కడా మిగల్లేదు. కనీసం ఊరి పేరైనా వాళ్లకు దక్కకపోతే ఎలా?

అలాగని ఇవన్నీ బందరులోనే చేశారని నేను అనను. కోరమాండల్ తీరమంటే మన కోస్తాతో పాటు తమిళదేశపు పులికాట్, నాగపట్నం కూడా. మచిలీపట్నంలో డచ్చివాళ్ల (మన పాత మాటలో వలందుల) గుర్తుగా వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఆ పేరొక్కటే చూసి కుర్చీలన్నీ మావే అనడం న్యాయం కాదు. గోల్కొండ సుల్తాన్ సింహాసనమనీ అనొద్దు. ఇవి వర్తకుల ఇళ్లలో వాడుకునే కుర్చీలు.

ఈసారి మీకు ఆ ఫొటో వస్తే పెద్దది చేసి చూడండి. పుల్లలకు మెలికలు, సీటుకు పేము, నిలువెల్లా నల్లచేవ కనిపిస్తే, పంపినవాళ్లకు ఒక్క వాక్యం రాయండి: "17వ శతాబ్దం, కోరమాండల్ తీరపు వడ్రంగుల పని."