చిన్న నౌకలపై చిన్నచూపు

జపాన్‌లో ఫుకువోకా తీరానికి దగ్గర్లో 2024 నవంబర్ 10న సముద్రంలోని మందుపాతరల్ని ఏరివేసే ‘ఉకుషిమా’ నౌక (మైన్‌స్వీపర్) ఇంజిన్ గదిలో మంటలు లేచాయి. మర్నాటికల్లా నౌక బోల్తాపడి మునిగిపోయింది. ఒక నావికుడు గల్లంతయ్యాడు. శాంతికాలంలో, సొంత జలాల్లో, ఒక యుద్ధనౌక ఇలా కాలి అడుగంటడం మామూలు ప్రమాదంగా సరిపెట్టుకోదగింది కాదు.

విచారణ సంఘాన్ని వేశాం గనుక అది తేల్చేదాకా ఆగాలని, నౌక వయసుకూ మంటలకూ ముడిపెట్టవద్దని టోక్యో అనవచ్చు. కారణం తేలాల్సిందే. కానీ విచారణ అవసరం లేకుండానే తెలిసిన సంగతులు కొన్నున్నాయి.

ఉకుషిమా 54 మీటర్ల పొడవు, 510 టన్నుల చెక్క నౌక. ఉక్కు దగ్గరికొస్తే అయస్కాంత క్షేత్రంలో మార్పును పసిగట్టి పేలే మందుపాతరలుంటాయి కాబట్టి ఈ పనికి చెక్కనే ఎంచుకుంటూ వచ్చారు. అందులో తప్పు లేదు. అయితే చెక్క ఎక్కువకాలం మన్నదు. అందుకే జపాన్ 2012లో ఎనోషిమా అనే నౌకతో ఫైబర్ ప్లాస్టిక్‌కు మారింది. 2017లో వచ్చిన 690 టన్నుల అవాజీ కూడా అలాంటిదే. 2003లో చేరిన ఉకుషిమా మాత్రం మునిగేనాటికి 21 ఏళ్ల వయసులోనూ సిబ్బందిని మోస్తూనే వచ్చింది. అయిదేళ్లకు 43 లక్షల కోట్ల యెన్‌లు రక్షణకు కేటాయించి, 400 టోమహాక్ క్షిపణులు కొంటున్న దేశం, ఈ పాత చెక్క నౌకల్ని ఇంకా త్వరగా మార్చలేదా?

ప్రమాదంలోకి ముందు పంపేది వీటినే, డబ్బు పంచేటప్పుడు వెనక నిలబెట్టేదీ వీటినే. 1945లో అమెరికా బాంబర్లు జపాన్ రేవుల చుట్టూ చల్లిన మందుపాతరల్ని ఏరే పనిలో 70 మందికి పైగా బలయ్యారు. 1950లో కొరియాలోని వొన్సాన్‌కు గుట్టుగా పంపిన పడవల్లో ఒకటి పేలి ఒకరు చనిపోతే ఆ సంగతి ఏళ్ల తరబడి దాచారు. 1991లో జపాన్ తొలిసారి తన బలగాల్ని విదేశీ విధులకు పంపినప్పుడు గల్ఫ్ దాకా వెళ్లి 34 మందుపాతరల్ని నిర్వీర్యం చేసిందీ ఈ చిన్న పడవలే. కష్టమొస్తే ముందువరుస, కేటాయింపులొస్తే వెనకవరుస!

జపాన్‌ను తప్పుపట్టే ముందు ఢిల్లీ తన ఇల్లు చూసుకోవాలి. మన నౌకాదళంలోని ఆఖరి మైన్‌స్వీపర్ ఐఎన్ఎస్ కోజికోడ్‌కు 2019 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో వీడ్కోలు పలికారు. దాని స్థానంలో మరొకటి రాలేదు. దక్షిణ కొరియా సాయంతో గోవాలో 12 నౌకలు కట్టాలన్న ప్రతిపాదనను 2018లోనే రద్దు చేశారు. జపాన్ దగ్గర ఒకటి మునిగినా మరికొన్ని మిగిలాయి. మనకు మునగడానికైనా ఒకటి లేదు. విశాఖ రేవు ముఖద్వారంలో నాలుగు మందుపాతరలు పడితే తూర్పు నౌకాదళం కదిలేదెలా? విమానవాహక నౌక విక్రాంత్ నౌకాదళంలో చేరితే పండగ చేసిన రక్షణ శాఖకు 2019 నుంచి 2024 చివరిదాకా ఈ చిన్న నౌకలు గుర్తురాలేదు. కొత్తవి ఎప్పుడు కడతారో, ఎక్కడ కడతారో పార్లమెంటుకు తేదీలతో సహా చెప్పాలి. ‘పరిశీలనలో ఉంది’ అన్న పాత జవాబు ఇక చెల్లదు.